‘బోటు దొరకలేదు’ అన్న పేజీ

ఎవరూ చదవాలని కోరుకోని పేజీలు కొన్ని ఉంటాయి. సైటు తెరవబోతే తెరుచుకోక, దాని బదులు ఏదో తప్పు జరిగిందని చెప్పే పేజీ వస్తుంది చూడండి, అవి. వాటిని కూడా ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. పెద్ద పెద్ద సైట్లు కట్టినవాళ్ళు తమ అనుభవాలు రాస్తే మొదటి పేజీ గురించి రాస్తారు. నేను ఎర్రర్ పేజీ గురించి రాస్తున్నాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు చదివితే చాలు. మిగతావాళ్ళు చదివినా నష్టం లేదు, కోడ్ ఎక్కడా పెట్టలేదు.

మాది దివిసీమ, అవనిగడ్డ దగ్గర ఒక పల్లె. బందరులో డిగ్రీ చదివి, డేటా ఎంట్రీ పనిలో చేరాను. ప్రోగ్రాములు రాయడం నేర్చుకోమని నన్నెవరూ ఎక్కడికీ పంపలేదు. పక్క సీటాయన తరచూ సెలవు పెట్టేవాడు. ఆయన పని నా మీద పడేది. అలా వచ్చింది. రిటైరయ్యేనాటికి నాకంటే చిన్నవాళ్ళు నన్ను సీనియర్ అని పిలిచేవాళ్ళు గానీ, నేను మాత్రం చివరిదాకా ఆయన సెలవులో ఉంటే కూర్చున్నట్టే కూర్చున్నాను.

మా ఆఫీసు ఒక బట్టల షాపు పైన, రెండో అంతస్తులో ఉండేది. ప్రభుత్వ శాఖలకు చిన్న చిన్న సైట్లు కట్టి, వాటిని నడిపే పని మాది. మేనేజరు గారు గుడివాడ నుంచి రోజూ పాసింజరు రైల్లో వచ్చేవారు. మంచి పనిమంతుడు. ఫోన్ మోగడమంటే మాత్రం పడదు. సైటు బాగుంటే ఫోన్ ఎందుకు మోగుతుందన్నది ఆయన సిద్ధాంతం. అందులో తప్పేమీ లేదు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఫోన్ మోగలేదు కాబట్టి సైటు బాగున్నట్టేనని తిరగేసి కూడా ఆయన నమ్మేవారు.

ఇంకొకతను ఉండేవాడు. కృత్తివెన్ను వైపు అబ్బాయి. వాళ్ళ నాన్న వరి చేలన్నీ రొయ్యల చెరువులు చేస్తే, వాటి గట్ల మీద కాపలా తిరగడం ఇష్టం లేక కంప్యూటరు చదివానని చెప్పేవాడు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. కాబట్టి ఇక్కడ కూడా తమ్ముడనే రాస్తాను. మా ఆఫీసులో అందరికంటే చెయ్యి చురుకైనవాడు. ఒక పని రెండుసార్లు చెప్పించుకోడు.

అప్పట్లో మేము నడిపిన సైట్లలో ఒకటి చేపల వేటకి వెళ్ళే బోట్లది. మంగినపూడి వైపు నుంచి దివిసీమ చివరిదాకా రేవు రేవుకీ మత్స్యశాఖవాళ్ళు ఒక మనిషిని పెట్టారు. బోటు సముద్రంలోకి వెళ్ళేటప్పుడు, తిరిగి చేరినప్పుడు ఆ మనిషి ఫోన్‌లో నంబరు కొడతాడు. ఇంట్లోవాళ్ళు, బోటు యజమానులు సైటు తెరిచి నంబరు కొడితే ‘వెళ్ళింది’ అనో ‘చేరింది’ అనో, చేరితే ఏ రేవులో చేరిందో కనపడుతుంది. అంతే. కానీ ఆ ఊళ్ళలో దానికి మంచి పేరు వచ్చింది. అది చేరిందని చెబితే మనిషి చేరినట్టే. అది అప్పటిదాకా అబద్ధం చెప్పలేదు.

ఆ సైటు మొదలైన కొత్తలో, శాఖ అధికారి ఒకరు నలుగురిని వెంటబెట్టుకుని చూడటానికి వచ్చారు. మేనేజరు గారు నంబరు కొట్టారు. తెరమీద తెల్లటి పేజీ వచ్చింది. నిండా ఇంగ్లీషు. ఏ ఫైలులో ఎన్నో వరసలో తప్పుందో, సర్వరులో ఏ ఫోల్డరు ఎక్కడుందో అన్నీ వరసగా చెబుతూ పోయింది. మేము సైట్లు కట్టడానికి వాడే ఫ్రేంవర్కు ఏదన్నా తప్పు జరిగితే మామూలుగా చూపించే పేజీ అది. రాసినవాళ్ళకు పనికొస్తుంది, జనానికి చూపించకూడదు. అధికారి కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివారు. “ఇది తెలుగులో రాదాండీ?” అని అడిగారు. ఆయన వేళాకోళమాడారో నిజంగానే అడిగారో ఇప్పటికీ నాకు తెలియదు.

మేనేజరు గారి ముఖం మాడిపోయింది. వాళ్ళు మెట్లు దిగాక తమ్ముణ్ణి పిలిచి, ఆ తెల్ల పేజీ జన్మలో మళ్ళీ ఎవరికీ కనపడకూడదన్నారు. అప్పుడు నేను వేరే సైటు పనిలో ఉన్నాను. అయినా గది ఒకటే కాబట్టి అంతా విన్నాను.

తమ్ముడు సాయంత్రానికల్లా చేసేశాడు. ఇక్కడ కొంచెం సాంకేతికం చెప్పక తప్పదు. సైటు సరిగా జవాబివ్వలేని సందర్భాలు రకరకాలు. అడిగింది నిజంగానే లేకపోవడం ఒకటి. అడిగింది ఉందో లేదో చూడటానికి కూడా వీలుకాక పోవడం ఇంకొకటి. బియ్యం లేవనడం వేరు, కొట్టు తాళంచెవి కనపడటం లేదనడం వేరు. ఫ్రేంవర్కుకి ఈ తేడా తెలుసు. ఒక్కో రకానికి ఒక్కో పేజీ పెట్టుకునే వీలు కూడా ఇస్తుంది. తమ్ముడు అన్ని రకాలనూ పోగుచేసి ఒకే పేజీకి తోలాడు. నీలం రంగు, మూల ఒక బోటు బొమ్మ, మధ్యలో పెద్ద అక్షరాలతో తెలుగులో ‘మీరు అడిగిన బోటు దొరకలేదు’. చూడముచ్చటగా ఉంది. అధికారికి పంపితే మెచ్చుకున్నారు కూడా.

ఇంకొక సంగతి ఉంది. సైటు పంపే ప్రతి జవాబు నెత్తిన చదివేవాళ్ళకు కనపడని ఒక అంకె ఉంటుంది. 200 అంటే అంతా సవ్యం. 404 అంటే అడిగింది లేదు. 500 అంటే మా వైపే ఏదో చెడింది. సైటు బాగుందో లేదో కనిపెట్టి ఉండే మా కాపలా ప్రోగ్రాం ఆ అంకెను మాత్రమే చూస్తుంది. పేజీలో మాటలు చదవదు. ఈ కొత్త పేజీ ఎప్పుడు వచ్చినా దాని నెత్తిన 200 ఉండేది.

ఆ తర్వాత చాలాకాలం ఏమీ జరగలేదు. నన్ను ఆ సైటు ఫిర్యాదులు చూసే పనికి మార్చారు. ఫిర్యాదులు లేవు. మేనేజరు గారు సంతోషంగా ఉండేవారు.

ఒక వానాకాలం బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. బోట్లన్నీ వెనక్కి రమ్మని హెచ్చరిక వెళ్ళింది. తెల్లారేసరికి బందరులో ముసురు. మా ఆఫీసు కిటికీ రెక్క ఒకటి సరిగా పడదు, దానికి పాత సంచి కుక్కి కూర్చున్నాం. గోడమీద ఆ కాపలా ప్రోగ్రాం తెరలో మా సైట్లన్నీ పచ్చగా ఉన్నాయి. బోట్ల సైటు కూడా. మామూలుకంటే చాలామంది తెరుస్తున్నారని తెలుస్తూనే ఉంది. తెరిచిన ప్రతిసారీ జవాబు వెళుతోంది. తమ్ముడు దాన్ని చూపించి, గాలివానలో కూడా మన సైటు నిలబడింది చూడక్కా అన్నాడు. నేనూ సంతోషించాను.

మధ్యాహ్నం భోజనాల వేళ నా ఫోన్ మోగింది. మంగినపూడి అవతల ఒక రేవులో నంబర్లు కొట్టే మనిషి.

“మేడమ్ గారండీ, సైటులో బోటు దొరకలేదని వస్తోందంటండీ. ఆడవాళ్ళంతా రేవులో పోగయ్యారు. ఏడుస్తున్నారండీ.”

ఏ బోటు అని అడిగాను. అతను చెప్పిన నంబరు కొట్టాను. నీలం పేజీ వచ్చింది. దొరకలేదు. ఎందుకో అనుమానం వచ్చి, ఇప్పుడు నీ కళ్ళెదురుగా ఇసుకలోకి లాగి ఉన్న బోటు ఏదన్నా ఒకటి నంబరు చదవమన్నాను. చదివాడు. కొట్టాను. అదీ దొరకలేదు.

అన్నం డబ్బా మూత కూడా పెట్టకుండా సర్వరులోకి వెళ్ళి చూశాం. సైటుకీ, సమాచారం దాచుకునే డేటాబేసుకీ మధ్య రాకపోకలకు కొన్ని దారులే ఉంటాయి. ఒకరి పని అయ్యాక దారి వదిలితేనే ఇంకొకరు వెళ్ళగలరు. ఎక్కడో ఒకచోట పనైపోయినా దారి వదలని చిన్న తప్పు ఉండిపోయింది. మామూలు రోజుల్లో తెలియలేదు. ఆ పొద్దున తీరం పొడుగునా జనం ఒక్కసారి వచ్చి పడేసరికి దారులన్నీ మూసుకుపోయాయి. అప్పటినుంచి ఎవరు ఏ నంబరు అడిగినా సైటు లోపలికి వెళ్ళి చూడనే లేదు. చూడకుండానే దొరకలేదని చెబుతూ వచ్చింది. నెత్తిన 200 పెట్టుకుని.

ఆపి మళ్ళీ నడిపితే అంతా మామూలైంది. రేవు మనిషి మొదట చెప్పిన నంబరు కొట్టాను. చేరింది. పొద్దున్నే చేరింది. గాలికి దక్షిణంగా కొట్టుకుపోయి, కృష్ణ దాటి, దివిసీమ వైపు ఒక రేవులో చేరింది. అక్కడి మనిషి వెంటనే నంబరు కొట్టాడు. సైటు మూసుకుపోక ముందే అది మా దగ్గర భద్రంగా ఉంది.

నేను ఫోన్ చేసి, ఆ బోటు క్షేమంగా ఉంది, ఇంట్లోవాళ్ళకు చెప్పమన్నాను. అవతల గాలి చప్పుడు వినపడింది.

“వెతకడానికి వెళ్ళారండీ,” అన్నాడు. “ఆ బోటాయన తమ్ముడూ ఇంకో ఇద్దరూ. చిన్న ఫైబరు బోటు ఏసుకుని. మేం వద్దన్నామండీ.”

ఆ మధ్యాహ్నం మేము చేయగలిగింది ఏమీ లేదు. సైటు చక్కగా పనిచేస్తోంది. తమ్ముడు కుర్చీలో అలాగే కూర్చున్నాడు. మేనేజరు గారు శాఖవాళ్ళకు ఫోన్ చేశారు, వాళ్ళు ఇంకెవరికో చేశారు. నేను లోపల ప్రార్థన చేసుకున్నాను. టీ వేళకి కబురొచ్చింది. అలలు చూసి ముగ్గురూ వెనక్కి తిరిగారట. కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర బోటు బోర్లాపడింది. ఒడ్డున ఉన్నవాళ్ళు తాళ్ళు వేసి లాగారు. ఇద్దరికి గీసుకుపోయింది. ఆ బోటాయన తమ్ముడికి మాత్రం బోటుకీ రాళ్ళకీ మధ్య కాలు నలిగింది. బందరు ఆసుపత్రికి తెచ్చారు.

ముగ్గురూ బతికారు అని మేనేజరు గారు గట్టిగా, గదిలో అందరికీ వినపడేలా రెండుసార్లు అన్నారు.

వాన తెరిపిచ్చాక నేనూ తమ్ముడూ ఆటోలో ఆ ఊరు వెళ్ళాం. ఆఫీసు పంపలేదు. వెళ్ళవద్దని కూడా అనలేదు. రేవు మనిషి ఆ బోటాయన ఇల్లు చూపించాడు. దివిసీమలో చేరిన ఆయన బస్సు పట్టుకుని వచ్చేశాడట, కాలు నలిగిన తన తమ్ముడి దగ్గర ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన ఫోన్ నీళ్ళలో తడిసి పోయింది. పక్కవాళ్ళ ఫోన్ అడిగాడట గానీ ఇంట్లోవాళ్ళ నంబరు నోటికి రాలేదు. మనందరి సంగతీ అంతే.

ఆయన భార్య బయటికి వచ్చింది. ముప్పై దాటి ఉండదు. మమ్మల్ని కూర్చోమని మంచం వాల్చింది, తను గడపలో నిలబడింది. మేమెవరమో చెప్పాను. క్షమించమని కూడా అడిగాను. ఆమె దాన్ని పట్టించుకోలేదు. ఆమెకి కావలసింది వేరే.

“దొరకలేదని మీరే రాశారు కదండీ. ఎందుకు రాశారు?”

“అది మీ బోటు గురించి కాదమ్మా,” అన్నాను. “కంప్యూటరుకి లోపల వివరాలు దొరకలేదు. అదీ దాని అర్థం.”

“నేను కొట్టింది బోటు నంబరండీ. బోటు దొరకలేదంది. మా దగ్గర వేటకెళ్ళినోడు దొరకలేదంటే ఒకటే అర్థం.”

మళ్ళీ తనే అంది. “మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నేనండీ. మా అత్తగారికి, మా మరిదికి నేనే చదివి వినిపించాను. రెండుసార్లు చదివాను. నేను చదవకపోతే వాడు వెళ్ళేవాడు కాదు.”

ఈ వ్యవహారంలో అప్పటిదాకా తనది తప్పని ఎవరూ అడక్కుండా అన్నది ఆమె ఒక్కతే. అది తన తప్పు కాదని నేను నాకు తెలిసిన అన్ని రకాలుగా చెప్పాను. ఆమె విన్నది. నమ్మినట్టు అనిపించలేదు. లోపల ముసలావిడ గంగమ్మతల్లి పేరు చెప్పి పెద్దకొడుకుని ఇచ్చి చిన్నకొడుకు కాలు తీసుకుందని గొణుగుతోంది. మాకు టీ ఇచ్చారు. తాగాం.

తిరిగి వచ్చేటప్పుడు తమ్ముడు దారిలో ఆసుపత్రి దగ్గర దిగిపోయాడు. నన్ను రమ్మనలేదు.

శాఖ అధికారి మా ఆఫీసుకి వచ్చిన రోజు నాకు ఇంకా బాగా గుర్తుంది. ఎవరేం చేశారో తేల్చి పైకి రాయాలి. మేనేజరు గారు ముందే ఒక వాక్యం సిద్ధం చేసుకున్నారు. సైటు ఆ రోజంతా నడిచిందని, వినియోగదారులు సందేశాన్ని అపార్థం చేసుకున్నారని, ఇకమీదట ‘దొరకలేదు’ అన్న మాట బదులు ‘కాసేపాగి ప్రయత్నించండి’ అని పెడతామని. దాన్ని చదివి నా వైపు చూశారు.

“అపార్థం చేసుకోలేదండీ,” అన్నాను. “ఉన్నది ఉన్నట్టు చదివారు.”

మాట మారిస్తే చాలదని కూడా చెప్పాను. సైటు చూడలేకపోయినప్పుడు చూడలేకపోయానని చెప్పాలి. నంబరు తప్పు కొడితే ఆ సంగతి వేరే పేజీలో చెప్పాలి. దేనికి తగ్గ అంకె దాని నెత్తిన ఉండాలి, మా తెర ఎర్రబడాలి, అలారం మోగాలి. సైటు చెప్పలేనప్పుడు మనిషి చెప్పాలి కాబట్టి పేజీలో ఫోన్ నంబరు ఉండాలి.

అధికారి మర్యాదస్తుడు. చివరిదాకా విని, తన బాధ చెప్పారు. “పనిచేయడం లేదని మన సైటు మీద మనమే రాసుకుంటే రేపు పేపర్లో ఫొటో వేస్తారండీ. పైవాళ్ళు నన్ను అడుగుతారు.” ఆయన బాధ అబద్ధం కాదు. పేజీ ఎవరి పరువుకి సంబంధించిందో వాళ్ళు ఎదురుగా ఉన్నారు. ఎవరి ప్రాణానికి సంబంధించిందో వాళ్ళు ఆ గదిలో లేరు. ఇలాంటి సమావేశాలన్నీ అలాగే ఉంటాయి.

మేనేజరు గారు అలారం సంగతి పట్టుకున్నారు. ప్రతి చిన్నదానికీ మోగితే పని సాగదన్నారు. సైటు నడుస్తున్నట్టు ఆ రోజు రికార్డులో ఉందని మళ్ళీ అన్నారు. అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముడు ముందుకొచ్చాడు.

“ఆ 200 పెట్టింది నేనే సార్. తెలీక కాదు. 500 పెడితే తెర ఎర్రబడుతుంది, అలారం మోగుతుంది, మీరు తిడతారు. పచ్చగా ఉండాలని పెట్టాను.”

అతను అధికారి వైపు తిరిగి, అంతే మామూలు గొంతుతో, ఆసుపత్రికి రోజూ వెళుతున్నానని, ఆ కాలు ఇక పూర్తిగా వంగదని డాక్టరు చెప్పాడని అన్నాడు. ఆ పేజీ రాసింది తానని ఆ కుర్రాడికి ఇంకా చెప్పలేదని, ఇవాళ చెబుతానని అన్నాడు. తర్వాత మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళాడు.

మేనేజరు గారు ముందున్న కాయితాన్ని దగ్గరికి లాక్కున్నారు. ఆయన అరుస్తారనుకున్నాను. తమ్ముణ్ణి పంపించేస్తారనీ అనుకున్నాను. ఆయన పెన్ను తీసి తాను రాసిన వాక్యం కొట్టేశారు.

“మోగనీ,” అన్నారు. తర్వాత అధికారితో, “పనిచేయడం లేదనే రాద్దామండీ. పేపరువాళ్ళు వస్తే నేను మాట్లాడతాను,” అన్నారు.

ఆ ఉద్యోగంలో అన్నేళ్ళు పనిచేసి, ఒక మనిషి నా కళ్ళముందు తన మాట మార్చుకోవడం చూసింది అరుదు. అందుకే మిగతా ఎన్ని విషయాల్లో ఆయనతో పేచీ పడ్డా, ఆయన గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నేను ఊరుకోను.

పని మొదలుపెట్టాక తెలిసింది, కోడ్ కంటే మాటలే కష్టమని. ఫ్రేంవర్కులో వేర్వేరు తప్పులకు వేర్వేరు జవాబులు కట్టడం తమ్ముడికి ఒక పూట పని. అందులో ఏం రాయాలో తేలడానికి చాలా రోజులు పట్టింది. మొదట నేను ‘సాంకేతిక లోపం వల్ల సమాచారం అందించలేకపోతున్నాం’ అని రాశాను. ప్రభుత్వ సైట్లన్నిటిలో ఉండే వాక్యమే. తీసుకెళ్ళి రేవులో చూపించాం. నలుగురు చదివారు. ఇంజను పాడైందన్నమాట అన్నాడొకాయన. మిగతావాళ్ళు అవునన్నారు. ఎవరి ఇంజను అని అడిగాను. బోటుదే, ఇంకెవరిది అన్నారు. అది రాసి ఉంటే ఈసారి ఇంకో బోటు తాడు పట్టుకుని లాక్కురావడానికి బయల్దేరి ఉండేది.

‘సర్వర్’ అన్న మాట కొందరికి తెలుసు, ఆధార్ ఆఫీసులో విన్నారు. అది అన్నప్పుడల్లా రేపు రమ్మంటారు కాబట్టి, ఆ మాట చదవగానే రేపటిదాకా ఏమీ తెలియదని అర్థం చేసుకున్నారు. కాసేపాగి ప్రయత్నించమంటే, మనుషులు సముద్రంలో ఉంటే కాసేపు ఎలా ఆగుతాం అని ఒకావిడ నిలదీసింది. రేవు మనిషి మర్యాదకి ముందు ‘చింతిస్తున్నాము’ అని ఉండాలన్నాడు. అది కూడా వద్దన్నాం. సముద్రం సైటులో ముందుగా ‘చింతిస్తున్నాము’ అని కనపడితే ఎవరూ రెండో మాట చదవరు.

ఆ బోటాయన భార్య కూడా వచ్చింది. దూరంగా నిలబడి అన్నీ విని, ఏమీ సలహా ఇవ్వలేదు. మేం రాసినదాన్ని ఫోన్ మీద చదివి, “ఇది మా అత్తగారికి చదివి వినిపించి వస్తానండీ,” అని ఇంట్లోకి వెళ్ళింది. కాసేపటికి వచ్చి, ఆవిడకు కంప్యూటరే పాడైందని అర్థమైందని చెప్పింది. అప్పుడు ఆ వాక్యాలు ఖాయం చేశాం. ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు.

‘మా కంప్యూటరు ఇప్పుడు పాడైంది. బోటు వచ్చిందో రాలేదో ఈ పేజీకి తెలియదు. కింద ఉన్న నంబరుకి ఫోన్ చేయండి, మనిషి కనుక్కుని చెబుతారు.’

నంబరు తప్పు కొట్టినవాళ్ళకి వేరే పేజీ పెట్టాం. ఈ నంబరుతో మా జాబితాలో బోటే లేదు, అంకెలు సరిచూసుకోండి అని. దానికి 404, పాడైన పేజీకి 500. బోటు బొమ్మ తీసేశాం. దొరకలేదు అన్న మాట సైటు మొత్తంలో ఎక్కడా లేకుండా తమ్ముడు వెతికి వెతికి తీసేశాడు.

తర్వాతి ఏడాది మళ్ళీ గాలివాన వచ్చింది. ఈసారి సైటు దారులు మూసుకుపోలేదు, ఆ తప్పు సరిచేశాం కదా. కానీ గాలికి ఎక్కడో తీగ తెగింది, డేటాబేసు ఉన్నచోటికి మాకు సంబంధం పోయింది. సరిచేసినది ఎప్పుడూ రెండోసారి పాడవదు, పక్కది పాడవుతుంది. తెర ఎర్రబడింది. అలారం మోగింది. నిమిషం తిరక్కుండా ఫోన్ మోగింది, దాని వెనక ఇంకొకటి. మాకు అన్ని రేవుల మనుషుల నంబర్లూ దగ్గర ఉన్నాయి. ఒకరం అటు కనుక్కోవడం, ఒకరం ఇటు చెప్పడం.

మేనేజరు గారు ఆ రోజు గుడివాడ వెళ్ళే రైలు వదిలేసి, ఫోన్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. “నాకు తెలియదమ్మా. కనుక్కుని చెబుతాను, పెట్టెయ్యకండి,” అని ఒకరి తర్వాత ఒకరికి చెబుతూనే ఉన్నారు. ఆయన నోట ‘నాకు తెలియదు’ అన్న మాట నేను అంతకుముందు వినలేదు. గొంతు బొంగురు పోయినా బాగానే చెప్పారు. ఆ రోజు ఏ రేవు నుంచీ ఎవరూ వెతకడానికి బయల్దేరలేదు. ఒక పేపరులో మా పేజీ ఫొటో వేశారు. కింద నాలుగు మాటలు వేళాకోళంగా రాశారు. మేనేజరు గారు దాన్ని ఎవరికీ చూపించలేదు, పారెయ్యనూ లేదు.

నేను రిటైరవడానికి కొంచెం ముందు బందరు చేపల మార్కెట్టులో ఆ మరిదిని చూశాను. వేట మానేశాడని, ఐసు అమ్ముతున్నాడని తమ్ముడు చెప్పి ఉన్నాడు. స్టూలు మీద ఒక కాలు బారజాపి కూర్చుని, గోనెపట్టా కింద నుంచి గడ్డ తీసి పగలగొడుతున్నాడు. అతను నన్ను గుర్తుపట్టలేదు. నేనెవరో చెప్పాను. చేతులు తుడుచుకున్నాడు.

తమ్ముడు ఇప్పటికీ వస్తుంటాడని అన్నాడు. మొదటిసారి వచ్చి ఆ పేజీ నాదే అని చెప్పినప్పుడు బయటికి పొమ్మన్నానని, మర్నాడు మళ్ళీ వచ్చాడని చెప్పాడు. పేజీ మార్చామని నేను చెప్పబోతే, వదిన చెప్పిందన్నాడు.

“బాగుందంటున్నారండీ. నేను చూడలేదు. వేటకెళ్ళేవాళ్ళకి కదా అది.”

అతని మాటలో ఎత్తిపొడుపు లేదు. నేను వెళ్ళబోతుంటే అతనే అడిగాడు.

“ఒకటి అడుగుతానండీ. ఆ రోజు పొద్దున్నుంచి పాడైంది కదా. అంతమంది ఉన్నారు మీ ఆఫీసులో. ఒక్కరికన్నా తెలీలేదా?”

“తెలీలేదు బాబూ. అంతా బాగుందనే చూపించింది మాకు.”

చేతిలో ఉన్న సుత్తి అటూ ఇటూ తిప్పాడు.

“అయితే మీక్కూడా చెప్పలేదన్నమాట అది.”

“చెప్పలేదు,” అన్నాను.

అతను తలూపాడు. చేపల గంప దించుకుని ఐసు కోసం నిలబడ్డ ఒకావిడ తొందరపెడుతోంది. అతను మళ్ళీ గడ్డ పగలగొట్టడం మొదలుపెట్టాడు.